ప్లేయర్ ఉంది, హెడ్‌ఫోన్ ఏది కొనాలి?

ప్రశ్న: మాది రాయగడ. దమన్‌జోడిలో ఉద్యోగం. శనివారం రైలెక్కి ఇంటికి వస్తాను, సోమవారం తిరిగి వెళ్తాను. వయసు 57, కళ్లద్దాలు ఉన్నాయి. మా నాన్నగారు 1980ల్లో పార్వతీపురం, బొబ్బిలి, గుణుపురం పందిళ్లలో పద్యనాటకాలు, హరికథలు టేపుల్లో రికార్డు చేసుకునేవారు. విశాఖ రేడియో నుంచి పట్టిన కచేరీలు కూడా ఉన్నాయి. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాం. మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి ఆండ్రాయిడ్ మ్యూజిక్ ప్లేయర్ పంపాడు. డబ్బా మీద '16 ఓమ్‌ల దగ్గర 35 మిల్లీవాట్లు' అని ఉంది. 3.5 మి.మీ. జాక్, బ్లూటూత్ రెండూ ఉన్నాయి. షాపు అబ్బాయి 250 ఓమ్‌ల స్టూడియో హెడ్‌ఫోన్ తీసుకోమంటున్నాడు, ఓమ్‌లు ఎక్కువైతే క్వాలిటీ ఎక్కువట. మేనల్లుడేమో బ్లూటూత్ కొనుక్కో మావయ్యా అంటాడు. 12 వేల వరకు పెట్టగలను. రాత్రి పాటలు వింటున్నప్పుడు పక్క గదిలోంచి అమ్మ పిలిస్తే నాకు వినబడాలి. ఇంకో మాట, ఫోన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్‌లో నాకు కుడి పక్క కొంచెం తక్కువగా వినిపిస్తోంది. ఏం కొనమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గర మొదలుపెడతాను. ఆ కుడి పక్క సంగతి తేలేదాకా ఏమీ కొనకండి. లోపం ఇయర్‌ఫోన్‌లో ఉండవచ్చు, టేపులో ఉండవచ్చు, చెవిలో ఉండవచ్చు. ఏదో తెలియకుండా 12 వేలు పెడితే కొత్త హెడ్‌ఫోన్‌లో కూడా అదే లోపం వినిపించి మనసు పాడవుతుంది.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అదే ఇయర్‌ఫోన్‌ను తిరగేసి పెట్టుకోండి, ఎడమది కుడి చెవిలో, కుడిది ఎడమ చెవిలో. తగ్గు అప్పుడు ఎడమ చెవికి మారితే మీ చెవి బాగున్నట్టే. లోపం ఇయర్‌ఫోన్‌లోనో, వింటున్న ఫైల్‌లోనో ఉంది. ఈమధ్య వచ్చిన సినిమా పాట ఏదైనా పెట్టి చూడండి. అది రెండు పక్కలా సమంగా వస్తే తప్పు టేపుదే. ఆ పాటలో కూడా తేడా ఉంటే ఇయర్‌ఫోన్ జాలీని చూడండి. చెవి గుమిలి పేరుకుని ఒక పక్క మూసుకుపోవడం చాలా మామూలు. పొడి టూత్‌బ్రష్‌తో, జాలీని కిందికి వంచి పట్టుకుని మెల్లగా దులపండి.

టేపు తప్పయితే దానికి రెండు కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి. టేప్ రికార్డర్ హెడ్ కాస్త వంకరగా ఉంటే ఒక ఛానెల్ మొద్దుబారవచ్చు. కంప్యూటర్‌కి కలిపేటప్పుడు మోనో (ఒకే ఛానెల్) పిన్ వాడితే శబ్దం ఒక పక్కే ఎక్కి, రెండో పక్క ఖాళీగానో సన్నగానో ఉంటుంది. పందిట్లో ఒక్క మైకుతో పట్టినవి ఎలాగూ మోనోయే కాబట్టి, రెండు పక్కలా ఒకే శబ్దం వేసుకుంటే పోయేదేమీ లేదు. మీ ప్లేయర్ ఆండ్రాయిడ్‌ది కనుక సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి 'మోనో ఆడియో' ఆన్ చేయండి. అక్కడే ఎడమ కుడి బ్యాలెన్స్ జరుపుకునే పట్టీ కూడా ఉంటుంది.

తిరగేసి పెట్టినా కుడి చెవికే తక్కువ వినిపిస్తే మాత్రం ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి. చాలాసార్లు అది గట్టిపడిన గుమిలే అయి ఉంటుంది, తీయించుకుంటే సరిపోతుంది. పుల్లలు, ఇయర్‌బడ్స్ పెట్టి మీరు కెలకవద్దు. గుమిలి కాకపోతే వినికిడి కొలిచే ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోండి. దమన్‌జోడి నుంచి కొరాపుట్ మెడికల్ కాలేజీ దగ్గరే. వయసుతో పాటు సన్నటి, పైస్థాయి శబ్దాలు తగ్గడం మామూలే కానీ, అది రెండు చెవుల్లోనూ దాదాపు సమానంగా జరుగుతుంది. ఒక్క చెవికే తగ్గితే కారణం వెతకాల్సిందే. ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా తగ్గిందనిపిస్తే అసలు ఆగకండి, ఆ రోజే వెళ్లండి. అలాంటి వినికిడి లోపానికి మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది.

ఇక ఓమ్‌ల సంగతి. షాపు అబ్బాయి చెప్పిన మాట చాలామంది నమ్ముతారు, అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. ఓమ్‌లు నాణ్యతకు కొలత కాదు. ఆ హెడ్‌ఫోన్‌లోంచి కరెంటు పారడానికి ఎంత అడ్డు ఉందో అవి చెబుతాయి, అంతే. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో అనే పేరున్న స్టూడియో హెడ్‌ఫోన్‌నే తీసుకోండి. అదే మోడల్ 32, 80, 250 ఓమ్‌లలో దొరుకుతుంది. 250ది స్టూడియోల్లో గట్టి ఓల్టేజీ ఇచ్చే పెద్ద యాంప్లిఫయర్ల కోసం. జేబులో పెట్టుకునే ప్లేయర్లకు 32 ఓమ్‌లది ఉంది. కంపెనీయే ఇలా విడగొట్టి అమ్ముతోందంటే ఏది దేనికో ఆలోచించండి.

మీ డబ్బా మీద అంకెతోనే లెక్క వేద్దాం. 16 ఓమ్‌ల దగ్గర 35 మిల్లీవాట్లు అంటే ఆ ప్లేయర్ పూర్తి వాల్యూమ్‌లో ఇవ్వగలిగింది సుమారు 0.75 ఓల్టు. అదే ఓల్టేజీ 250 ఓమ్‌ల మీద పెడితే దక్కేది రెండు మిల్లీవాట్ల పైచిలుకు. హెడ్‌ఫోన్ సెన్సిటివిటీ (అందిన శక్తికి అది ఎంత గట్టిగా మోగుతుందన్న కొలత) ఒక మిల్లీవాట్‌కి 96 డెసిబెల్స్ అనుకుంటే, పూర్తి వాల్యూమ్‌లో గరిష్ఠంగా వచ్చే శబ్దం 100 డెసిబెల్స్‌కి కాస్త అటూ ఇటూ. వినడానికి ఇది చాలా ఎక్కువ అనిపిస్తుంది. ఈనాటి సినిమా పాటకి నిజంగానే సరిపోతుంది, వాటిని గట్టిగా నింపి రికార్డు చేస్తారు. మీ పద్యనాటకం అలా ఉండదు. నటుడు మైకుకి దూరంగా నిలబడి సంభాషణ చెబుతాడు, దగ్గరికి వచ్చి పద్యం ఎత్తుకుంటాడు. ఆ సంభాషణ పద్యం కంటే 20, 25 డెసిబెల్స్ కింద ఉండవచ్చు. పైగా టేపు లెవెలే తక్కువగా ఎక్కి ఉంటే ప్లేయర్ వాల్యూమ్ చివరిదాకా తిప్పినా మాటలు అందవు. సినిమా పాట పెట్టి షాపులో వినిపిస్తే బ్రహ్మాండంగా ఉండి, ఇంటికొచ్చాక నాన్నగారి టేపుకి నీరసపడిపోయే హెడ్‌ఫోన్ అది.

కాబట్టి మీకు 16 నుంచి 60 ఓమ్‌ల మధ్య, సెన్సిటివిటీ మిల్లీవాట్‌కి 98 డెసిబెల్స్ లేదా ఆ పైన ఉన్నది కావాలి. ఈ అంకె చూసేటప్పుడు పక్కన ఏం రాశారో తప్పక చదవండి. కొన్ని కంపెనీలు మిల్లీవాట్‌కి ఇస్తాయి, కొన్ని ఓల్టుకి ఇస్తాయి. 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ మిల్లీవాట్‌కి 100 డెసిబెల్స్ అంటే, అదే ఓల్టుకి 115 అవుతుంది. ఒక డబ్బా మీద 100, ఇంకో డబ్బా మీద 115 చూసి రెండోది గట్టిగా మోగుతుందనుకుంటే పొరపాటు. రెండూ ఒకటే కావచ్చు.

మరీ ఎక్కువ సెన్సిటివిటీ కూడా ఇబ్బందే. 115, 120 అని రాసి ఉన్న కొన్ని ఖరీదైన ఇయర్‌ఫోన్లలో పాట ఆగినప్పుడు కూడా ప్లేయర్ లోపలి 'స్‌స్‌' అనే శబ్దం వినిపిస్తుంది. ఒక్కో చెవిలో నాలుగైదు డ్రైవర్లు (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్లు) ఉన్నాయని గొప్పగా చెప్పే రకాలను కూడా మీరు వదిలేయండి. వాటి ఓమ్‌లు స్వరస్థాయిని బట్టి మారుతూ ఉంటాయి. ప్లేయర్ అవుట్‌పుట్ అడ్డు ఎక్కువైతే వాటి శబ్దం తీరే మారిపోతుంది. హెడ్‌ఫోన్ ఓమ్‌లు ప్లేయర్ అవుట్‌పుట్ ఓమ్‌లకు కనీసం 8 రెట్లు ఉండాలని ఈ రంగంలో పాటించే లెక్క. ఒకే డైనమిక్ డ్రైవర్ (మామూలు స్పీకర్‌లా పనిచేసేది) ఉన్న ఇయర్‌ఫోన్‌తో మీకీ బాధ ఉండదు.

బ్లూటూత్ గురించి మేనల్లుడు చెప్పింది ప్రేమతోనే. సౌకర్యం నిజమే. అయితే బ్లూటూత్‌లో పాట అంకెల రూపంలోనే గాల్లోంచి వెళ్తుంది. దాన్ని శబ్దంగా మార్చేదీ, పెంచేదీ హెడ్‌ఫోన్ లోపలి చిప్పులే. ఆయన డబ్బు పోసి పంపిన ప్లేయర్‌లో మంచి కన్వర్టర్, యాంప్లిఫయర్ ఉన్నాయే, ఆ రెండూ ఊరికే కూర్చుంటాయి. అప్పుడు మీ ఫోన్‌తో విన్నా పెద్ద తేడా ఉండదు. బ్యాటరీ నాలుగైదేళ్లలో నీరసపడితే మార్చించుకోవడం కూడా చాలా మోడళ్లలో కష్టం. మీకు వైరే మంచిది.

ఏది కొనాలన్నది మీరు ఎక్కడ వింటారన్న దాన్నిబట్టి ఉంటుంది. మీ అవసరాలు రెండు, అవి ఒకదానికొకటి ఎదురు. కొరాపుట్ - రాయగడ లైన్‌లో కొండల మధ్య సొరంగాలు ఎన్ని ఉన్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. కిటికీలు తీసిన బోగీ సొరంగంలోకి వెళ్లగానే చక్రాల మోత గోడలకు కొట్టి లోపలికే వస్తుంది. అక్కడ బయటి శబ్దం రాకూడదు. ఇంట్లో మాత్రం అమ్మగారి పిలుపు వినబడాలి, అంటే బయటి శబ్దం రావాలి. ఈ రెండూ మామూలు వైర్ హెడ్‌ఫోన్ ఒక్కదానితో జరగవు. అందుకే 12 వేలు ఒక్కదానిమీద పెట్టకుండా, తక్కువలో రెండు కొనమని నా సలహా.

రైలుకి చెవి లోపల బిగిసే వైర్ ఇయర్‌ఫోన్. 2 వేల నుంచి 3 వేల రూపాయల్లో ఇప్పుడు మూన్‌డ్రాప్, ట్రూథియర్, సెవెన్‌హెర్ట్జ్ లాంటి చైనా కంపెనీలవి చాలా మంచివి దొరుకుతున్నాయి. ఈ ధరలో ఇంత శుభ్రమైన గొంతు పదేళ్ల కింద ఊహించలేం. కళ్లద్దాలవాళ్లకి ఇవే సుఖం. చెవి మొత్తం కప్పే హెడ్‌ఫోన్ పెడితే అద్దాల కాడ దగ్గర కుషన్ పైకి లేచి సందు పడుతుంది, ఆ సందులోంచి బేస్ పోయి బయటి గోల వస్తుంది. రాయగడ వేసవిలో చెమట సంగతి చెప్పనక్కర్లేదు. వైర్ ఊడదీసి మార్చుకునే మోడల్‌నే ఎంచుకోండి, 0.78 మి.మీ. రెండు పిన్నులవి ఎక్కువగా దొరుకుతాయి. వైర్ ఇయర్‌ఫోన్లలో ముందు పోయేది వైరే. రాయగడలో కూర్చుని సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగలేరు. ఊడేదయితే కొత్త వైర్ పోస్టులో తెప్పించుకుని మీరే పెట్టుకోవచ్చు. కొనేటప్పుడు పిన్ను 3.5 మి.మీ.దేనా అని చూసుకోండి. 4.4 మి.మీ. పిన్నుతో వచ్చే వెర్షన్లు కూడా ఉంటాయి, అవి మీ ప్లేయర్‌లో దూరవు.

డబ్బాలో వచ్చే రబ్బరు టిప్స్ మూడు నాలుగు సైజుల్లో ఉంటాయి. ఇయర్‌ఫోన్ బాగోలేదని తిట్టేవాళ్లలో చాలామంది తప్పు సైజు పెట్టుకున్నవాళ్లే. మృదంగం తొప్పి (ఎడమ పక్క) పల్చగా, డబ్బా మీద కొట్టినట్టు వినిపిస్తే టిప్ సరిగ్గా బిగియలేదని అర్థం. పెద్ద సైజు ప్రయత్నించండి. రెండు చెవులకు రెండు సైజులు పట్టేవాళ్లు కూడా ఉంటారు, అందులో వింతేమీ లేదు. స్పాంజి టిప్స్ విడిగా కొనుక్కుంటే రైలుకి ఇంకా మంచిది. వేళ్లతో నలిపి సన్నగా చేసి చెవిలో పెట్టుకుంటే లోపల ఉబ్బి మూసుకుంటాయి. బాగా బిగిస్తే బయటి శబ్దం 15 నుంచి 25 డెసిబెల్స్ వరకు తగ్గుతుంది. ఇంజిన్ గురగుర లాంటి లోతైన మోత మాత్రం అంత తగ్గదు. స్పాంజి కొన్ని నెలలకే చెడిపోతుంది, అవి మార్చుకుంటూ ఉండాల్సిందే. రైలు దిగేటప్పుడు, పట్టాలు దాటేటప్పుడు రెండూ తీసేయండి.

ఇంట్లో రాత్రిపూటకి ఓపెన్ రకం, అంటే వెనక మూత లేకుండా గాలి ఆడేది. బయటి మాట అందులోంచి చక్కగా వినిపిస్తుంది. కాస్ పోర్టా ప్రో అని 1984లో వచ్చిన మోడల్ ఒకటి ఉంది, అదే రూపంలో ఇప్పటికీ అమ్ముతున్నారు. 60 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 101 డెసిబెల్స్. మీ ప్లేయర్ దాన్ని ఇబ్బంది లేకుండా మోయగలదు, పూర్తి వాల్యూమ్‌లో 110 దాకా వెళ్లే శక్తి ఉంటుంది కాబట్టి సన్నటి సంభాషణలూ అందుతాయి. బాగా తేలిక, స్పాంజి కుషన్లు చెవి మీద ఆనుకుంటాయి. కళ్లద్దాల కాడ నొక్కకుండా తలకి పట్టే ఒత్తిడిని జరుపుకునే ఏర్పాటు ఉంది. మామూలు మోడల్‌కి వైర్ ఊడదు, అదొక్కటే నాకు నచ్చనిది. దీని నకిలీలు విరివిగా ఉంటాయి, జీఎస్టీ బిల్లు ఇచ్చేవాళ్ల దగ్గరే కొనండి. ఇది దొరక్కపోతే 60 ఓమ్‌లలోపు ఉన్న ఓపెన్ రకం ఏదైనా పర్వాలేదు. ఒక్క జాగ్రత్త, బయటి శబ్దం లోపలికి వచ్చినట్టే లోపలి పాట బయటికీ వస్తుంది. ఒకే గదిలో పక్కన ఎవరైనా నిద్రపోతుంటే వాళ్లకి వినిపిస్తుంది.

ఎంత చెప్పినా ఒక్కటే కొంటానంటే ఆడియో టెక్నికా ఏటీహెచ్ ఎం40ఎక్స్ చూడండి. మూసిన రకం, 35 ఓమ్‌లు, 98 డెసిబెల్స్. గొంతు ఉన్నది ఉన్నట్టు ఇస్తుంది. కానీ దాంతో వచ్చే తిన్నటి వైర్ 3 మీటర్లు, రెండోది చుట్టలు చుట్టినది, రైల్లో రెండూ ఇబ్బందే. పైగా అమ్మగారి పిలుపు సంగతి తేలదు.

వినడానికి వెళ్లే వీలుంటే విశాఖలో ఏదైనా మంచి షాపుకి మీ ప్లేయర్, మీ ఫైల్స్ తీసుకుని వెళ్లండి. షాపువాళ్లు పెట్టే పాటతో ఏమీ నిర్ణయించవద్దు, అవి బేస్ దడదడలాడి మెరిసేలా ఎంచినవి. మీ టేపుల్లో హార్మోనియం, గొంతు రెండూ కలిసే చోటు ఒకటి, సంభాషణ బాగా సన్నగా ఉన్న చోటు ఒకటి, హరికథలో చిడతలు గట్టిగా మోగే చోటు ఒకటి ముందే గుర్తుపెట్టుకోండి. హార్మోనియం మోగుతున్నా పద్యంలో మాట మాట తెలియాలి. చిడతలు చెవిని గుచ్చకూడదు. ట్రెబుల్ ఎక్కువ ఉన్న హెడ్‌ఫోన్లను 'డిటైల్ ఎక్కువ' అని అమ్ముతారు. కొత్త రికార్డింగులకి అవి బాగుండవచ్చు, మీ టేపులకి మాత్రం అవి పైకి తెచ్చేది టేపు బుసనే. మీడియం వేవ్ రేడియోలోంచి పట్టిన కచేరీలో 5 కిలోహెర్ట్జ్ పైన సంగీతం దాదాపు ఉండదు, అక్కడ ఉన్నది గరగరే. ప్లేయర్ ఈక్వలైజర్‌లో 8 కిలోహెర్ట్జ్ పైన ఉన్న పట్టీలను మూడు నాలుగు డెసిబెల్స్ కిందికి దించి చూడండి, గొంతుకి ఏమీ కాకుండా బుస తగ్గుతుంది. హై-రెజ్ (ఎక్కువ స్పష్టత అని చెప్పే) ముద్ర కోసం ఒక్క రూపాయి కూడా అదనంగా పెట్టొద్దు.

వాల్యూమ్ గురించి తప్పక చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి పెట్టిన హద్దు, 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకి ఆ సమయం సగమవుతుంది. 89కి వచ్చేసరికి వారానికి 5 గంటలే, మీ రానుపోను ప్రయాణమే దాన్ని తినేస్తుంది. పద్యనాటకాల్లో ప్రమాదం ఏమిటంటే, సంభాషణ వినబడలేదని వాల్యూమ్ పెంచుతాం, మరుక్షణం పద్యం వచ్చి చెవిలో పేలుతుంది. ఫైల్స్ కంప్యూటర్‌లో ఉన్నాయి కదా, మేనల్లుడిని అడిగి అడాసిటీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో కంప్రెసర్ కొద్దిగా వేయించండి. సన్నటి మాటలు పైకి వస్తాయి, పద్యం కిందికి దిగుతుంది. రైలు కోసం ఆ కాపీ వేరుగా ఉంచుకోండి. అసలు ఫైల్స్‌ని ముట్టుకోవద్దు, వాటిని రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో దాచండి. ప్లేయర్‌లో హై గెయిన్, లో గెయిన్ (శబ్దాన్ని ఎంత పెంచాలన్న స్థాయి) అని ఉంటే ఇయర్‌ఫోన్‌కి లో, ఓపెన్ హెడ్‌ఫోన్‌కి హై పెట్టుకోండి.

వర్షాకాలంలో రెండింటినీ గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టండి. స్పాంజి కుషన్లు ఒక జత అదనంగా ఇప్పుడే తెప్పించుకోండి, చవకే. ఇవన్నీ కొన్నాక కూడా మీ దగ్గర కొంత డబ్బు మిగలాలి. టేప్ హెడ్ వంకర వల్ల మొద్దుబారిన క్యాసెట్లు ఉంటే, హెడ్ సరిచేయగల మెకానిక్‌కి ఆ డబ్బు ఇచ్చి వాటిని మళ్లీ ఎక్కించండి. క్యాసెట్లు పాడవకముందే ఆ పని జరగాలి, హెడ్‌ఫోన్ ఒక నెల ఆలస్యమైనా ఫరవాలేదు.